ప్లేటు సంగతి ఆఖర్న: హార్డ్‌బూట్ కార్వింగ్‌కి బోర్డు, బైండింగ్, ప్లేటు జత కుదర్చడం

గట్టి ప్లాస్టిక్ బూట్లతో స్నోబోర్డుని అంచు మీద ఒరిగించి, జారకుండా మంచులో సన్నని గాడి గీస్తూ తిరగడమే హార్డ్‌బూట్ కార్వింగ్. ముందు మీరు అడిగింది నాకు అర్థమైనట్టు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీ బరువు 85 కిలోలు. బూట్లు మోండో 28 (పాదం పొడవు సెంటీమీటర్లలో), సోల్ పొడవు 30.5 సెంటీమీటర్లు. ఇప్పుడున్నది 19 సెంటీమీటర్ల వెయిస్ట్ (బోర్డు నడుము వెడల్పు), 11 మీటర్ల సైడ్‌కట్ (పక్క అంచు వంపు వ్యాసార్థం) ఉన్న పాత 168 సెంటీమీటర్ల గ్లాస్ (ఫైబర్‌గ్లాస్) బోర్డు. దాని మీద బూట్లని బోర్డుకి పట్టి ఉంచే ఎఫ్2 కంపెనీ టైటానియం బైండింగ్‌లు. బోర్డుకి అడ్డంగా ఉండాల్సిన పాదాన్ని ముక్కు వైపు తిప్పిన కోణం ముందు కాలికి 55 డిగ్రీలు, వెనక కాలికి 52. గట్టి మంచు మీద హీల్‌సైడ్ (మడమల వైపు అంచు) టర్నులో బోర్డు దడదడలాడుతోంది. టోసైడ్‌లో (వేళ్ల వైపు అంచు మీద) బాగా ఒరిగినప్పుడు ఉన్నట్టుండి అంచు వదిలేస్తోంది. అందుకని 20.5 వెయిస్ట్, 12 మీటర్ల సైడ్‌కట్ ఉన్న మెటల్ బోర్డు, బాంబర్ కంపెనీ టీడీ3 బైండింగ్‌లు, బైండింగ్‌లకీ బోర్డుకీ మధ్య పెట్టే ఐసొలేషన్ ప్లేటు మూడూ ఒకేసారి కొందామనుకుంటున్నారు. ఏ ప్లేటు మంచిదన్నది మీ ప్రశ్న.

నా జవాబు: బోర్డు కొనండి, మంచి ఎంపిక. బైండింగ్‌లు ఉన్నవే ఉంచండి. ప్లేటు ఈ సీజన్‌కి వద్దు. ఇంకో మాట, మీ టోసైడ్ సమస్యకి పైసా ఖర్చు లేని మందు ఉంది, కొత్త బోర్డు వచ్చేలోపు అది చేసి చూడండి. ఎందుకో కింద రాస్తున్నాను. కాస్త లెక్కలున్నాయి, ఓపిగ్గా చదవండి.

టోసైడ్‌లో అంచు వదిలేయడం గురించి మొదట. మీ వర్ణన చదవగానే నాకు తోచింది బూటు మంచుకి తగులుతోందని. అంచు క్రమంగా జారిపోతే అది టెక్నిక్, లేదా పదును లేకపోవడం. బాగా ఒరిగాక ఒక్క క్షణంలో, హెచ్చరిక లేకుండా బోర్డు పైకి లేచిపోతే అనుమానించాల్సింది బూటునే. నిర్ధారణ తేలిక. ఆగి వెనక్కి తిరిగి మీ గాడిని చూడండి. సన్నని గాడి పక్కనే, దాని లోపలివైపు గీరుకుపోయిన ఇంకో గీత కనబడితే అది బూటు వేలి చివరో బైండింగ్ ముందు బెయిలో (బూటుని పట్టి ఉంచే కమ్మీ) చేసిన పని. బూటు ముందు మూలల్లో ప్లాస్టిక్ అరిగి తెల్లబడి ఉన్నా అదే సాక్ష్యం.

ఇప్పుడు లెక్క. కోణం 55 పెడితే 30.5 పొడవున్న సోల్ బోర్డుకి అడ్డంగా 17.5 సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది. కోణం 60 అయితే 15.3. బూటుకి వెడల్పు కూడా ఉంది కాబట్టి రెండు చివర్ల మూలలూ కలిపి ఇంకో నాలుగైదు సెంటీమీటర్లు కలుస్తాయి. మూలలు గుండ్రంగా ఉంటాయి గనక నేను నాలుగున్నర వేసుకుంటాను. అంటే 55 దగ్గర మొత్తం 22, 60 దగ్గర 19.8 దాకా. బోర్డు వెయిస్ట్ 19 అన్నది సరిగ్గా నడిమధ్య కొలత. పాదాలు మధ్య నుంచి 24 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. 11 మీటర్ల సైడ్‌కట్‌కి అక్కడ బోర్డు రెండు వైపులా కలిపి అర సెంటీమీటరు ఎక్కువ ఉంటుంది, అంటే 19.5. కాబట్టి ఇప్పుడు మీ బూటు ఒక్కో వైపు ఒకటింబావు సెంటీమీటరు బయటికి పొడుచుకొచ్చి ఉంది. అదీ బూటుని సరిగ్గా మధ్యలో బిగించి ఉంటేనే. చాలామంది బైండింగుల్లో వేళ్ల వైపు ఇంకో అర సెంటీమీటరు ఎక్కువ ఉంటుంది, చూసుకోండి.

ఒకటింబావు పెద్దదేం కాదు కదా అనిపిస్తుంది. సోల్ మంచుకి ఎంత ఎత్తులో ఉందన్నది రెండో సగం. బోర్డు మందం ఒక సెంటీమీటరు, బైండింగ్ ఎత్తు మూడు, మొత్తం నాలుగు. బోర్డుని 65 డిగ్రీలు ఒరిగిస్తే బూటు మూలకీ మంచు ఉపరితలానికీ మధ్య మిగిలేది అర సెంటీమీటరు చిల్లర. కార్వింగ్‌లో అంచు మంచులోకి దిగుతుంది, అది దాని పని. అర సెంటీమీటరు దాటి దిగిందంటే బూటు నేలకి తాకి బోర్డుని పైకి ఎత్తేస్తుంది. మీకు జరుగుతున్నది ఇదే.

ఇక మూడు మందులు పోల్చి చూద్దాం. అదే బోర్డు మీద బైండింగ్ కోణాన్ని 55 నుంచి 60కి తిప్పితే ఆ ఖాళీ 1.6 సెంటీమీటర్లు అవుతుంది. కోణం కదపకుండా రెండున్నర సెంటీమీటర్ల ఎత్తున్న ప్లేటు పెడితే? అదీ 1.6 సెంటీమీటర్లే. కొత్త 20.5 బోర్డు మీద, ప్లేటు లేకుండా, ఇప్పుడున్న 55 కోణంతోనే అయితే 1.2. అంటే ఈ ఒక్క విషయంలో స్క్రూడ్రైవర్ పట్టుకుని పది నిమిషాలు కూర్చుంటే వచ్చేదానికీ, ఒక బోర్డు ఖరీదంత పెట్టి ప్లేటు కొంటే వచ్చేదానికీ తేడా లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

కాబట్టి ఈ వారమే ముందు 60, వెనక 57 పెట్టి చూడండి. మొదటి రోజు ఇరుగ్గా, తుంటి బిగుసుకుపోయినట్టు ఉంటుంది. రెండు మూడు రోజుల్లో అలవాటవుతుంది. అలవాటు కాకపోతే, మీ శరీరానికి 55 నప్పుతుందనుకుంటే, 20.5 వెయిస్ట్ కొనడానికి అంతకన్నా మంచి కారణం అక్కర్లేదు. బోర్డు వెడల్పుని బట్టి కోణం పెట్టుకోవడం ఒక పద్ధతి, మీకు హాయిగా ఉన్న కోణాన్ని బట్టి వెడల్పు ఎంచుకోవడం ఇంకో పద్ధతి. నేను రెండోదాని వైపే. పూర్వం రేసు బోర్డులు 18 వెయిస్ట్‌తో వచ్చేవి, వాటి మీద 65 దాకా కోణాలు పెట్టుకునేవాళ్లు. అంచు నుంచి అంచుకి మారడం మెరుపులా ఉండేది గానీ తుంటి, మోకాలు పడే బాధ తక్కువేం కాదు. 28 మోండో బూటున్న మనిషి 18 బోర్డు కోసం తాపత్రయపడటంలో అర్థం లేదు.

ఇక బోర్డు. 12 మీటర్ల సైడ్‌కట్ మీకు సరిపోతుందా? మీరు నడిపే వాలు ఇరుకు, జనం ఎక్కువ అని రాశారు కాబట్టి సరిపోతుంది. సైడ్‌కట్ వ్యాసార్థం బోర్డు చదునుగా ఉన్నప్పటి కొలత. ఒరిగించాక టర్ను దానికన్నా చిన్నదవుతుంది, 60 డిగ్రీల దగ్గర సుమారు సగం. అంత ఒరిగి పడిపోకుండా నిలబడాలంటే వేగం ఉండాలి. వాలుని పక్కనపెట్టి చదును మీద లెక్కేస్తే 12 మీటర్ల బోర్డుకి గంటకి 36 కిలోమీటర్లు, 20 మీటర్ల జెయింట్ స్లాలం (పెద్ద మలుపుల రేసు) బోర్డుకి 47. ఆ వేగంలో మీ కాళ్ల మీద పడే భారం మీ బరువుకి రెట్టింపు, మీ విషయంలో 170 కిలోలు. 47 కిలోమీటర్ల వేగాన్ని ప్రతి టర్నులోనూ నిలబెట్టుకునేంత ఖాళీ, వెడల్పాటి వాలు రోజూ దొరికితే 20 మీటర్ల బోర్డు రాజసంగా ఉంటుంది. దొరకనప్పుడు దాన్ని సగం ఒరిగించి, జారుతూ, విసుక్కుంటూ దిగాలి. 180 దాటిన రేసు బోర్డులు సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా ఎందుకు దొరుకుతాయో ఈపాటికి అర్థమై ఉంటుంది.

మెటల్ అన్నది టైటనాల్ రేకు. పేరు విని పొరబడకండి, అది అల్యూమినియం మిశ్రమం. బోర్డు లోపలి కోర్‌కి పైనా కిందా పల్చటి పొరగా వేస్తారు. గ్లాస్ బోర్డు కంపనాన్ని స్ప్రింగులా తిరిగిచ్చేస్తుంది, మెటల్ బోర్డు మింగేస్తుంది. గట్టి మంచు మీద తేడా మొదటి టర్నులోనే తెలుస్తుంది. బదులుగా టర్ను చివర్లో గ్లాస్ బోర్డు ఇచ్చే ఆ ఎగురు తగ్గుతుంది. ఆ ఎగురే ఇష్టమైనవాళ్లు మెటల్ బోర్డుని చచ్చుగా ఉందంటారు, వాళ్లదీ తప్పు కాదు. మెటల్‌కి ఇంకో బలహీనత: వంగి మడత పడితే మళ్లీ తిన్నగా రాదు. ముక్కు గుంటలో దిగబడి ఎగిరి పడితే గ్లాస్ బోర్డు బతకొచ్చు, మెటల్‌కి అదే ఆఖరి రోజు కావచ్చు. బైండింగ్ డిస్కు అంచుల దగ్గర కూడా ఒత్తిడి ఒకేచోట పడి రేకు అలిసిపోతుంది. అందుకే మెటల్ బోర్డు మీద బైండింగ్ కింద భారాన్ని పరిచే వెడల్పాటి పలకలు వాడమని కొందరు తయారీదారులు చెప్తారు. అమ్మేవాళ్లని ఇది తప్పకుండా అడగండి.

బిగువు విషయంలో పొడవు కంటే మీ బరువే ముఖ్యం. కోయిలర్, డోనెక్ లాంటి చిన్న తయారీదారులు మీ బరువు, బూటు కొలత, నడిపే వేగం అడిగి దానికి తగ్గట్టు బోర్డు చేస్తారు. నిరీక్షణ ఉంటుంది, ఆ నిరీక్షణకి విలువుంది. సెకండ్‌హ్యాండ్ అయితే పాత యజమాని బరువు అడగండి. 65 కిలోల మనిషి కోసం చేయించుకున్న బోర్డు టర్నులో మీ బరువు రెట్టింపై పడగానే మధ్యలో కుంగి ముక్కు తవ్వుకుంటుంది. చేతిలోకి తీసుకున్నాక, వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని పై పొర మీద ప్రతిబింబం ఎక్కడైనా వంకర పోతోందా చూడండి, ముఖ్యంగా బైండింగ్ చివర్ల దగ్గరా ముక్కు మొదలయ్యే చోటా. ఇన్సర్టుల (స్క్రూలు దిగే మరల రంధ్రాలు) చుట్టూ పై పొర కొంచెం ఉబ్బి ఉందంటే ఎవరో వాటిని పీకే దాకా లాగారు, అది వదిలేయండి.

హీల్‌సైడ్ దడదడ సగం మీ పాత గ్లాస్ బోర్డుది, మెటల్‌తో అది తగ్గుతుంది. మిగతా సగం బోర్డుది కాదు. రెండు అనుమానాలు. మొదటిది అంచు: ఎప్పుడు పదును పెట్టించారు? పక్క అంచు 88 లేదా 87 డిగ్రీలు, అడుగు వైపు బెవెల్ (వాలు) ఒక డిగ్రీ లోపు ఉంచి, చేతిగోరు మీద గీస్తే గోరు పొట్టు లేచేలా ఉండాలి. రెండోది కూర్చోవడం. హీల్‌సైడ్‌లో పిరుదులు లోపలికి పడేసి, భుజాలు కొండవైపు వదిలేస్తే బరువు అంచు మీద నిలకడగా ఉండదు. పట్టు చిక్కడం, వదలడం, మళ్లీ చిక్కడం, ఆ ఆటే మీకు దడదడగా వినబడేది. దీనికి కొంతవరకు బైండింగ్‌లో మందుంది.

అదే లిఫ్ట్, క్యాంట్. ముందు కాలికి వేళ్ల కింద ఎత్తు, వెనక కాలికి మడమ కింద ఎత్తు, మొదలుపెట్టడానికి చెరో 3 డిగ్రీలు. ఇది పెట్టగానే మోకాళ్లు రెండూ సహజంగా వంగి, తుంటి బోర్డు మధ్యకి వస్తుంది, కూర్చోవాలన్నా కూర్చోబుద్ధి కాదు. మీ ఎఫ్2 బైండింగ్‌కి కింద పెట్టుకునే వెడ్జిలు (వాలు ముక్కలు) దొరుకుతాయి, ఇదీ కొత్త బైండింగ్ అడిగే పని కాదు. వెనక కాలికి 3 చాలకపోతే 6కి వెళ్లొచ్చు. ముందు కాలికి మాత్రం తొందరపడి పెంచకండి, ఎక్కువైతే తొడ మండిపోతుంది, బరువు ముక్కు మీదికి వెళ్లదు. పక్కకి వంచే క్యాంట్‌ని మొదట సున్నా ఉంచి, మోకాలు లోపలికో బయటికో లాగుతున్నట్టు అనిపిస్తేనే ముట్టుకోండి. కాళ్ల మధ్య దూరం 45 నుంచి 50 సెంటీమీటర్ల లోపు, మీ ఎత్తుని బట్టి. ఒక్కసారి ఒక్కటే మార్చండి. లిఫ్టూ, కోణమూ, దూరమూ ఒకే ఉదయం మార్చినవాళ్లకి మధ్యాహ్నం ఏది పనిచేసిందో తెలియదు.

ఇప్పుడు టీడీ3 ప్రశ్న. అది గొప్ప బైండింగ్, అందులో సందేహం లేదు. బాంబర్ వాళ్ల ఆ తయారీ ట్రాక్టరుకి బిగించినా నిలుస్తుంది. కింద డిస్కుల్లో 0, 3, 6 డిగ్రీల వాలు ఎంచుకోవచ్చు, దాన్ని ఏ వైపుకైనా తిప్పి లిఫ్టూ క్యాంటూ ఒకేసారి కుదుర్చుకోవచ్చు, మధ్యలో మెత్తనివీ గట్టివీ రబ్బరు రింగులుంటాయి. ఎఫ్2 దీనికి భిన్నం. తేలిక, కాస్త వంగుతుంది, కాలికి పక్కకి కదిలే వీలిస్తుంది. టీడీ3 మామూలు రకం అలా కదలనివ్వదు. అలాంటి కదలిక కావాలనేవాళ్ల కోసమే సైడ్‌వైండర్ అని ఇంకో రకం తెచ్చారు.

ఏది మేలన్న ప్రశ్నని విడిగా అడిగితే జవాబు ఉండదు. మంచు నుంచి మోకాలి దాకా ఒక వరస ఉంది: బోర్డు, ప్లేటు, బైండింగ్, బూటు. ఈ వరసలో ఎక్కడో ఒకచోట వదులుబాటు ఉండాలి. ఎక్కడా లేకపోతే మంచులోని ప్రతి గరుకూ సూటిగా మోకాలికి చేరుతుంది, అంచు మీద పట్టు తప్పితే సర్దుకునే సందు ఉండదు. రెండు మూడు చోట్ల ఉంటే మీరు నొక్కింది అంచుకి ఆలస్యంగా చేరుతుంది, బోర్డు మాట వినదు. మీ బూట్ల గురించి రాయలేదు గనక అడుగుతున్నాను: చీలమండ దగ్గర లాక్ చేసి నడుపుతారా, స్ప్రింగ్ పెట్టి వదులుతారా? బూటు బిగుతుగా లాక్ చేసి, ఇంటెక్ మడమతో (మడమలోని పిన్నులు బైండింగ్‌లోకి దిగి పట్టుకునే, కేబుల్ లాగితే వదిలే రకం) నడిపేవాళ్లకి ఎఫ్2లోని ఆ కొంచెం వంపు వరం. చీలమండ దగ్గర స్ప్రింగ్ వ్యవస్థతో మెత్తగా నడిపేవాళ్లకి టీడీ3 బాగా జత కుదురుతుంది. బిగుతు బూటు, ఇంటెక్, మామూలు టీడీ3, గట్టి ఐసొలేషన్ ప్లేటు, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చడమే నేను వద్దనేది. మీరు రాసిన జాబితా దాదాపు అదే.

ఇంటెక్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. బెయిల్ కంటే అది పక్కకి బిగువుగా ఉంటుంది, దిగడం ఎక్కడం సుఖం. కేబుల్ తెగితే మాత్రం కొండెక్కించే లిఫ్టు దగ్గర ఇబ్బంది పడతారు. సీజన్‌కొకసారి విప్పి చూడండి, నూలు లేస్తుంటే మార్చేయండి. ప్రతిసారీ తొక్కాక మడమ దగ్గర రెండు పిన్నులూ పూర్తిగా బయటికి వచ్చాయో లేదో కళ్లతో చూడండి, టక్కుమన్న చప్పుడుని నమ్మకండి. లోపల మంచు ఇరుక్కుంటే ఒక పిన్ను మాత్రమే దిగి చప్పుడు అలాగే వస్తుంది.

చివరికి ప్లేటు. వద్దన్నాను గానీ అది ఏం చేస్తుందో చెప్పకుండా వద్దంటే అన్యాయం.

మామూలుగా బైండింగ్ బిగించిన చోట బోర్డు వంగదు. బూటు సోలు, బైండింగ్ పలక కలిసి ఆ భాగాన్ని బిగబట్టేస్తాయి. దాంతో టర్నులో బోర్డు నునుపైన విల్లులా కాకుండా రెండు చోట్ల చదునుగా, మధ్యలో వంపుగా వంగుతుంది. ఐసొలేషన్ ప్లేటు అంటే గట్టి పలక ఒకటి, దాని రెండు చివర్లా ఇరుసులు. ఒక ఇరుసు ఉన్నచోటే తిరుగుతుంది, రెండోది తిరుగుతూ ముందుకీ వెనక్కీ జారుతుంది. మీరు పలక మీద నిలబడితే కింద బోర్డు మీ పాదాలతో సంబంధం లేకుండా తనంతట తాను వంగుతుంది. భారం ఇరుసుల దగ్గర దిగుతుంది. గుంట వస్తే బోర్డు దాన్ని మింగుతుంది, మీ రెండు పాదాల మధ్య దూరం గానీ కోణం గానీ మారదు. 2010 వాంకూవర్ ఒలింపిక్స్ నాటికి రేసర్ల కింద ఇవి కనబడసాగాయి. కెనడాకి చెందిన జేసీ-జే ఆండర్సన్ అప్పుడు సమాంతర జెయింట్ స్లాలంలో బంగారు పతకం గెలిచాడు. ఆ తర్వాత బాంబర్ బాయిలర్ ప్లేటు, ఏపెక్స్, హాంగ్ల్ లాంటివి రేసుల్లోనే కాక మనలాంటి కార్వర్లలోకీ వచ్చాయి. చెదిరిపోయిన వాలు మీద మధ్యాహ్నం పూట ప్లేటుతో దిగినవాడికి అది లేకుండా దిగడం శిక్షలా ఉంటుంది, ఒప్పుకుంటాను.

ఇక కష్టాలు. ప్లేటు, దాని సరంజామా కలిపి బరువు బాగానే ఉంటుంది. లిఫ్టు మీద ముందు కాలికి వేలాడినప్పుడు ఆ బరువు తెలుస్తుంది. ఎత్తు పెరగడం వల్ల అంచు మీద మీకు మీట పట్టినట్టు బలం పెరుగుతుంది, తప్పు కదలికకి కూడా అంతే పెరుగుతుంది. ప్లేటు లేనప్పుడు ముందు పాదాన్ని ఒకలా, వెనక పాదాన్ని ఒకలా తిప్పి బోర్డుని మెలిపెట్టి టర్ను మొదలెట్టొచ్చు. గట్టి పలక మీద రెండు పాదాలూ ఒకటే, ఆ విద్య పనిచేయదు. బరువు ముందుకీ వెనక్కీ మార్చడం కూడా పెద్ద పెద్ద కదలికలతో చేయాలి. టెక్నిక్ కుదురుకున్నవాళ్లకి ఇదంతా సౌఖ్యం. మీలాగా హీల్‌సైడ్ ఇంకా సర్దుకుంటున్నవాళ్లకి ప్లేటు ఆ లోపాన్ని కప్పేస్తుంది, పోగొట్టదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, బోర్డు ప్లేటు కోసం చేసిందై ఉండాలి. ప్లేటు కింద బోర్డు మధ్య భాగం స్వేచ్ఛగా వంగుతుంది కాబట్టి దాని బిగువుని తయారీదారు ఆ లెక్కతోనే పంచుతాడు. ప్లేటు లేకుండా నడపడానికి చేసిన మెత్తని బోర్డు మీద ప్లేటు ఎక్కిస్తే మధ్యలో మరీ కుంగొచ్చు, ప్లేటు కోసం చేసిన బోర్డుని ఉత్తగా నడిపితే చెక్క దుంగలా అనిపించొచ్చు. ఇన్సర్టుల సంగతీ అదే. బైండింగులకి మామూలుగా ఉండేది 4×4 వరస, అంటే 40 మిల్లీమీటర్ల చదరం. ప్లేటుకి యూపీఎం అనే విడి ఇన్సర్టులు కావాలి, ఇరుసులు వాటి మీద కూర్చుంటాయి. యూపీఎం లేని బోర్డు మీద అడాప్టర్లతో 4×4కే ప్లేటు ఎక్కించొచ్చు గానీ ఇరుసులు తయారీదారు అనుకున్న చోట పడవు, బైండింగ్ కోసం పెట్టిన ఇన్సర్టుల మీద ఇరుసుల లాగుడు పడుతుంది. మీ పాత 168 మీద ప్లేటు ఆలోచన అందుకే పూర్తిగా మానుకోండి.

మీరు చేయాల్సిందల్లా ఇదీ: కొత్త బోర్డు ఆర్డరిచ్చేటప్పుడు యూపీఎం ఇన్సర్టులు పెట్టమనండి, ప్లేటుతోనూ లేకుండానూ నడుపుతానని చెప్పండి. దానికి తగ్గ మధ్యరకం బిగువు ఇస్తారు. ఒక సీజన్ ఉత్తగా నడపండి. ఆ తర్వాత ఎవరిదైనా ప్లేటు అడిగి పొద్దున నున్నటి మంచు మీద కాదు, మధ్యాహ్నం గతుకుల మీద నడిపి చూడండి. అప్పుడూ కావాలనిపిస్తే కొనండి, ఎఫ్2 బైండింగ్‌లే దాని మీదకి మారుస్తారు. గట్టి ప్లేటు మీద మెత్తని బైండింగ్, నేను చెప్పిన వరసలో ఒక్క వదులుబాటు, లెక్క సరిపోతుంది. ఎత్తు పెరిగింది గనక కోణాన్ని కూడా మూడు నాలుగు డిగ్రీలు తగ్గించుకోవచ్చు. పాదాల కింద విడివిడిగా పెట్టుకునే పల్చటి పలకలు కూడా దొరుకుతాయి. అవి పూర్తి ఐసొలేషన్ ఇవ్వవు గానీ కంపనాన్ని తగ్గిస్తాయి, భారాన్ని పరుస్తాయి, తేలిక. 85 కిలోల మనిషికి మెటల్ బోర్డు మీద నాకైతే ముందు అవే నచ్చుతాయి.

ప్లేటు పెట్టిన రోజున గుర్తుంచుకోవాల్సినవి: పలకకీ బోర్డుకీ మధ్య మంచు గడ్డకట్టి పేరుకుంటే బోర్డు వంగడం ఆగిపోతుంది, లిఫ్టు ఎక్కేముందు వేలితో గీకి తీసేయండి. జారే ఇరుసు నిజంగా జారుతోందా అని వారానికొకసారి చేత్తో కదిపి చూడండి. బుష్‌లు (ఇరుసు తిరిగే గొట్టాలు) అరిగి వదులు వచ్చిందంటే అంచు మార్చే ప్రతిసారీ టిక్కుమని తెలుస్తుంది.

స్క్రూల గురించి అడగలేదు గానీ బైండింగ్‌ని ఒక బోర్డు నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. అవి ఎం6, అంటే 6 మిల్లీమీటర్ల మందం, చుట్టుకి ఒక మిల్లీమీటరు దిగుతాయి. ముందు ఖాళీ ఇన్సర్టులో వేళ్లతో తిప్పి ఎన్ని చుట్లకి అడుగు తగులుతుందో లెక్కపెట్టండి, అదే ఆ ఇన్సర్టు లోతు మిల్లీమీటర్లలో. బైండింగ్ పెట్టాక కనీసం ఆరేడు చుట్లు పట్టాలి, అడుగు తగలడానికి ఒక చుట్టు ముందే బిగుసుకోవాలి. పొడవు ఎక్కువైతే బేస్ మీద బొడిపె లేస్తుంది, తక్కువైతే ఇన్సర్టు మరలు చీరుకుపోతాయి. లిఫ్ట్ వెడ్జి పెట్టిన వైపు పొడవు స్క్రూ, పెట్టని వైపు పొట్టి స్క్రూ, కలిపేయకండి. నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క, మొదటి రోజు రెండు పరుగుల తర్వాత ఇంకోసారి బిగింపు.

మీ బూటు మోడల్, చీలమండ దగ్గర ఎలా సెట్ చేశారో రాయండి. 60/57 పెట్టాక గాడి పక్కన రెండో గీత పోయిందో లేదో కూడా చెప్పండి. దాన్ని బట్టి వెడ్జిలు ఎంత పెట్టాలో చూద్దాం.